తెల్లపూత పోయాక మిగిలిన బొంగురు: విజయనగరంలోని గొంతు థెరపీ కేంద్రంపై సమీక్ష

గొంతులో ఫంగస్ సోకి, మందులతో అది తగ్గిన తరువాత కూడా మాట బొంగురుగానే ఉండిపోయి, అన్నం ముద్ద మింగాలంటే భయపడుతున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. విజయనగరంలో కోట నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒక మేడ మొదటి అంతస్తులో నడుస్తున్న మాట, మింగుడు థెరపీ కేంద్రానికి మా అన్నయ్యను వేసవి సెలవుల నుంచి దసరా దాటే వరకు తీసుకువెళ్ళాను. కొన్ని లోపాలు కూడా రాయవలసి ఉన్నందున కేంద్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇటువంటి కేంద్రం ఏ ఊళ్ళో ఉన్నా అక్కడ ఏమి దొరుకుతుంది, ఏమి అడిగి తీసుకోవాలి అన్నది తెలిస్తే పేరుతో పెద్దగా పని ఉండదు. మార్కులు వేయవలసి వస్తే గొంతు పనికి అయిదుకు నాలుగున్నర, మింగుడు పనికి మూడున్నర, కాగితాలకూ సమయపాలనకూ రెండు వేస్తాను.

అన్నయ్య చీపురుపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. వయసు యాభై దాటింది, షుగరు ఉంది, ఆయాసానికి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నాడు. పోయిన చలికాలంలో దగ్గు పట్టుకుని యాంటీబయాటిక్ కోర్సు కూడా వాడవలసి వచ్చింది. కాండిడా అనే ఫంగస్ ఆరోగ్యవంతుల నోళ్ళలోనూ కొద్దిగా ఉంటుంది. అయితే అదుపులో లేని షుగరు, పీల్చే స్టెరాయిడ్, యాంటీబయాటిక్ అనే మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు అది విజృంభించడానికి కావలసినదంతా సమకూరినట్టే. నాలుక మీద, అంగిట్లో, గొంతు వెనుక గోడ మీద తెల్లటి తరకలు కట్టాయి, గుటక వేస్తే మంట. డాక్టరు గారు ఫ్లుకొనజోల్ మాత్రలు, క్లోట్రిమజోల్ పూతమందు ఇచ్చారు. నోటికీ గొంతుకూ సాధారణంగా ఒకటి రెండు వారాలు, అన్నవాహిక దాకా పాకితే రెండు మూడు వారాలు ఈ మాత్రలు వాడతారు. పూత పోయింది, మంట కూడా పోయింది. మాట మాత్రం తిరిగి రాలేదు. రెండో పీరియడ్ పూర్తయ్యేసరికి గొంతు గాలిగా మారిపోయేది. భోజనం దగ్గర కూర్చుంటే, «గొంతులో ఏటో అడ్డం పడినట్టుందిరా» అని సగం కంచంలోనే చెయ్యి కడిగేసుకునేవాడు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. లక్షణం మిగిలింది కాబట్టి జబ్బు కూడా మిగిలే ఉందని అందరూ అనుకుంటారు. మందుల షాపులో చీటీ అడగకుండానే అవే మాత్రలు మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. ఫ్లుకొనజోల్ గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రల ప్రభావాన్ని పెంచుతుంది, రక్తం పలుచనయ్యే వార్ఫరిన్‌తోనూ, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతోనూ పొసగదు. అన్నయ్యకు బడిలోనే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, షుగరు పడిపోయింది. ఆ తరువాతే షాపు మాత్రలు మాని, సరైన చోటు కోసం వెతికాము.

ఈ కేంద్రంలో నాకు మొదట నచ్చినది వాళ్ళు వెంటనే పని మొదలుపెట్టకపోవడం. చెవి, ముక్కు, గొంతు వైద్యులు స్కోపుతో స్వరపేటికను చూసి రాసిన రిపోర్టు లేనిదే వ్యాయామాలు చెప్పబోమని ఫోనులోనే స్పష్టంగా చెప్పారు. దూరం నుంచి వచ్చేవారికి ఇది విసుగు కలిగించవచ్చు, అయినా దీని వెనుక గట్టి కారణం ఉంది. బొంగురు నాలుగు వారాలకు తగ్గకపోతే స్వరపేటికను చూసి తీరాలని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొగ తాగేవారు, మెడలో గడ్డ ఉన్నవారు, ఊపిరి సరిగా ఆడనివారు ఆ నాలుగు వారాలు కూడా ఆగకూడదు. స్వరతంత్రుల మీద కట్టిన ఫంగస్ పూత చూపుకు క్యాన్సర్ ముందు దశ మచ్చలా ఉండవచ్చు, మచ్చ ఫంగస్‌లానూ ఉండవచ్చు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం తప్ప వేరే మార్గం లేదు. మన ఉత్తరాంధ్రలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళలో కనిపిస్తుంది. దాని వల్ల అంగిట్లో ఏర్పడే తెల్లమచ్చను ఫంగస్ అనుకుని పూతమందు రాసుకుంటూ కాలం గడిపితే, లోపల పెరుగుతున్న క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది. ఫంగస్ తరక సాధారణంగా గుడ్డతో తుడిస్తే ఊడి, అడుగున ఎర్రగా కనిపిస్తుంది, అడ్డపొగ మచ్చ ఊడదు. ఊడని తెల్లమచ్చ ఏదైనా సరే, డాక్టరుకు చూపించవలసినదే.

మామూలు స్కోపు విజయనగరంలోనే చేయించాము. స్వరతంత్రుల కంపనాన్ని నెమ్మదిగా కదులుతున్నట్టు చూపించే స్ట్రోబోస్కోపీ కోసం మాత్రం విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. రిపోర్టులో ఫంగస్ జాడ లేదు, స్వరతంత్రులు కొంచెం వాచి ఉన్నాయి, మాట్లాడేటప్పుడు వాటి పైనున్న మడతలు రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతున్నాయని రాశారు. ఆ చివరి వాక్యమే థెరపిస్టు గారికి కావలసినది.

తొలి సమావేశం గంటకు పైగా సాగింది, ఇందులో ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు. ఒక్క ఊపిరిలో «ఆ» అని ఎంతసేపు పట్టగలరో చూశారు. ఊపిరితిత్తులూ స్వరతంత్రులూ బాగున్న పెద్దవాళ్ళు పదిహేను సెకన్లు దాటించగలరట, అన్నయ్య అందులో సగానికి కూడా చేరలేదు. తరువాత ఏదైనా చదవమన్నారు. లెక్కల మాస్టారు కదా, ఆయన పుస్తకం పక్కన పెట్టి పదమూడో ఎక్కం అందుకున్నాడు. ఆమె నవ్వి, దాన్నే రికార్డు చేసుకున్నారు, ఆ తరువాత ప్రతి నెలా అదే ఎక్కం చెప్పించి పాత రికార్డుతో పోల్చి వినిపించారు. కొలతకు ఎప్పుడూ ఒకే నమూనా వాడటం చిన్న విషయంలా కనిపించినా, గొంతు మెరుగుపడిందో లేదో రోగికి స్వయంగా వినిపించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. మింగుడు గురించి ఈట్-10 అనే ప్రశ్నావళిని తెలుగులో చదివి అడిగారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, మొత్తం మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. ఈ పరీక్షలో మాత్రం మార్కులు ఎక్కువ వస్తే మంచిది కాదని తెలిసి మాస్టారు కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

తరువాత ఆమె చెప్పిన వివరణ ఈ మొత్తం ఖర్చుకు తగినదని నా అభిప్రాయం. ఫంగస్ ఉన్న రోజుల్లో నొప్పిని తప్పించుకోవడానికి గొంతు కండరాలు బిగిసి పనిచేయడం నేర్చుకున్నాయి, నొప్పి పోయినా ఆ బిగువు వదలలేదు. కాలికి దెబ్బ మానిన తరువాత కూడా కొందరు కుంటుతూ నడిచినట్టే ఇదీ అన్నారు. దీనికి మందు లేదు, బిగువు విప్పే సాధన ఉంది. దానికి తోడు పీల్చే స్టెరాయిడ్ నేరుగా స్వరపేటిక మీద పడి అక్కడి పొరలనూ కండరాలనూ ఇబ్బంది పెడుతుంది కాబట్టి, ఫంగస్ లేకపోయినా కేవలం ఇన్‌హేలర్ వల్ల బొంగురు రావచ్చు. కడుపులోని ఆమ్లం రాత్రిపూట గొంతు దాకా ఎగదన్నడం ఇంకొక కారణం. ఒకే బొంగురుకు మూడు కారణాలు ఉన్నప్పుడు ఒక్కదాన్నే పట్టుకుని ఎంత వైద్యం చేసినా ఫలితం సగమే వస్తుంది.

వ్యాయామాలు చూడటానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. గ్లాసులో రెండు మూడు అంగుళాల నీళ్ళు పోసి, సన్నని గొట్టం చివర నీటిలో కొద్దిగా ముంచి, బుడగలు వచ్చేలా «ఊ» అంటూ ఊదాలి. పెదవులు దగ్గరగా పెట్టి గాలితో అదిరించాలి. నోరు మూసి, ముక్కు దగ్గర కంపనం తెలిసేలా «మ్» అని పలికి, దాన్నే మెల్లగా మాటలోకి జార్చాలి. గొట్టం సన్నగా ఉండటం వల్ల నోటిలో ఏర్పడే వెనుక ఒత్తిడి స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా ఢీకొట్టకుండా చూస్తుందని, అందుకే తక్కువ శ్రమతో ధ్వని వస్తుందని వివరించారు. వీటిని రోజుకు ఒకేసారి అరగంట కాకుండా, కొద్ది నిమిషాల చొప్పున పలుమార్లు చేయమన్నారు. నేను గమనించినంతలో వ్యాయామాల కంటే ఎక్కువ మేలు చేసినవి వారు మాన్పించిన అలవాట్లు. తరగతిలో అడుగుపెట్టగానే గొంతు సవరించుకోవడం మాని, ఆ కోరిక కలిగినప్పుడు ఒక గుక్క నీళ్ళు తాగి గుటక వేయమన్నారు. గొంతుకు విశ్రాంతి ఇస్తున్నానని గుసగుసగా మాట్లాడటం కూడా శ్రమేనని, అసలు మాట్లాడకపోవడమో, మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడటమో చేయాలని చెప్పారు. ఘాటైన పుదీనా బిళ్ళలు చప్పరించడం మాన్పించారు. నడుముకు కట్టుకునే చిన్న మైకు ఒకటి కొనమన్నారు. అరవై మంది పిల్లలున్న తరగతికి ఆ మైకు అవసరమని ప్రధానోపాధ్యాయుల వారికి చెప్పడానికి అన్నయ్య మొహమాటపడితే, థెరపిస్టు గారు తానే ఒక చీటీ రాసి ఇచ్చారు.

అక్కడ ఎదురుచూస్తూ కూర్చున్నవారిని చూస్తే ఈ ఊళ్ళో గొంతుతో బతికేవారు ఎంతమందో అర్థమవుతుంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా నడిపిన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. గాత్రం నేర్చుకునే పిల్లలు, భజన మండలివాళ్ళు, బస్టాండులో కేకలు వేసే కుర్రాళ్ళు, టీచర్లు అందరూ అదే బల్ల మీద కూర్చుని ఉంటారు. నారాయణదాసు గారికి మైకు, గొట్టం, బుడగలు లేకుండానే ఎలా సాగిందో అని అన్నయ్య ఒకసారి ఆశ్చర్యపోయాడు. నాకైతే సాధన పద్ధతిగా చేసినవారి గొంతు నిలుస్తుందనడానికి ఆ సంగీత విద్యార్థులే సాక్ష్యంగా కనిపించారు.

ఇన్‌హేలర్ విషయంలో కేంద్రం తన హద్దు దాటలేదు. మందు మోతాదు గురించి ఒక్క మాట కూడా అనకుండా, ఊపిరితిత్తుల డాక్టరు గారికి ఉత్తరం రాసి పంపారు. ఆయన మోతాదు సరిచూసి, స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం చేర్చారు. దాని వల్ల మందు గొంతు గోడలకు తక్కువగా అంటి, ఊపిరితిత్తులకు ఎక్కువగా చేరుతుంది. స్పేసర్ నొక్కుడు ఇన్‌హేలర్లకే పనికివస్తుంది, పొడి పీల్చే రకాలకు పనికిరాదు. ప్రతిసారీ పీల్చిన తరువాత నీళ్ళతో గొంతు దాకా పుక్కిలించి ఉమ్మివేయాలి, ఆ నీళ్ళు మింగకూడదు. బొంగురు భయంతో ఎవరికి వారే ఇన్‌హేలర్ మానేస్తే ఆయాసం ప్రాణం మీదకు తెస్తుందని థెరపిస్టు గారు ప్రతి రోగికీ గుర్తుచేయడం నేను విన్నాను.

మింగుడు పని దగ్గరకు వచ్చేసరికి నా మార్కులు తగ్గడానికి కారణాలు ఉన్నాయి. మనిషి బాగుంది, కాగితం బాగోలేదు. కేంద్రం అచ్చు వేసిన ఆహార పట్టిక పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, అందులో ఓట్స్, కస్టర్డ్, మెత్తగా నలిపిన బంగాళదుంప, గిన్నె సూపు తప్ప మన వంటింటి వస్తువు ఒక్కటీ లేదు. వదిన ఆ కాగితం చూసి, ఈ వంటలన్నీ ఆసుపత్రిలోనే దొరుకుతాయి కాబోలు అంది. మన భోజనంలో మింగుడుకు అన్నిటికంటే కష్టమైనవి అన్నం మీద పలచగా పోసుకునేవే. చారన్నం, పలుచని మజ్జిగన్నం నోట్లో పెట్టుకుంటే నీళ్ళు ముందుగా జారిపోతాయి, మెతుకులు వెనుక ఉండిపోతాయి, గుటక సమయం తప్పిన గొంతు ఈ రెంటినీ ఒకేసారి సంభాళించలేక పొలమారుతుంది. ఈ సంగతి ఆ పట్టికలో లేదు. అన్నయ్య ప్రతి పూటా చివర చారన్నం దగ్గరే ఆగిపోతున్నాడని వదిన చెప్పిన తరువాతే థెరపిస్టు గారు ఆ దిశగా ఆలోచించారు.

ఆలోచించిన తరువాత మాత్రం చక్కగా సరిచేశారు. కాగితం వెనుక తెలుగులో తానే చేత్తో రాసి ఇచ్చారు. చోడి (రాగి) అంబలి కాస్త చిక్కగా, ముద్దలు లేకుండా. మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నం. గట్టి పెరుగుతో కలిపి మెదిపిన అన్నం. నెయ్యి వేసి మెత్తగా చేసిన ఆనపకాయ కూర. చారు తాగాలనిపిస్తే విడిగా, చిన్న గుక్కల్లో. మరమరాలు, అటుకులు, జంతికలు, పొడిగా రాలే వేరుశనగ పలుకులు కొన్నాళ్ళు వద్దన్నారు. ఆవకాయ పూర్తిగా మానవలసిన పని లేదని, రాత్రి భోజనంలో మాత్రం వద్దని అన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాము. తిన్న తరువాత అరగంట నిటారుగా కూర్చోవడం, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే రాత్రి భోజనం ముగించడం, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం ఆమ్లం ఎగదన్నకుండా ఉండటానికి. మాత్రలను నిటారుగా కూర్చుని, ఆయనకు పొలమారని తీరులో గుక్క గుక్కగా గ్లాసెడు నీళ్ళతో మింగమన్నారు. ఆగిపోయిన మాత్ర అన్నవాహికను పుండు చేయగలదు.

గడ్డం ఛాతీ వైపు వంచి మింగడం, బలంగా గుటక వేయడం వంటి పద్ధతులను వీడియోలు చూసి ఎవరికి వారు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. గడ్డం వంచడం ఒకరికి మేలు చేస్తే మరొకరికి పొలమారడాన్ని పెంచవచ్చు. లోపల ఆహారం ఎటు పోతున్నదో ముక్కు ద్వారా పంపిన సన్నని స్కోపుతో చూస్తూ, రంగు కలిపిన ద్రవం, మెత్తని పదార్థం మింగించి చేసే పరీక్ష ఒకటుంది; బేరియం కలిపిన ఆహారం మింగించి ఎక్స్‌రేతో చూసేది మరొకటి. ఈ రెండూ ఈ కేంద్రంలో లేవు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది, మేము అడిగిన తరువాత చెప్పారు. అన్నయ్యకు నీళ్ళతో దగ్గు పెద్దగా లేదు, బరువు తగ్గలేదు, స్కోపులో గొంతు బాగానే కదులుతున్నట్టు ఉంది కాబట్టి ఆ పరీక్ష లేకుండానే ముందుకు వెళ్ళవచ్చని డాక్టరు గారు అన్నారు. అందరి విషయంలో అలా కుదరదు.

ఇక మిగతా లోపాలు. థెరపిస్టు ఒక్కరే, ఇచ్చిన సమయానికి లోపలికి పిలిచిన సందర్భాలు అరుదు. గది వీధి వైపు ఉండటం వల్ల రికార్డింగు మధ్యలో ఆటో హారన్లు వినబడతాయి. ఒక్కో సిట్టింగుకు 500 రూపాయలు తీసుకుంటారు, అది న్యాయమే, కానీ ముందుగా మొత్తం ప్యాకేజీ డబ్బు కట్టమని కౌంటరు దగ్గర ఒత్తిడి చేస్తారు. మేము ఒప్పుకోలేదు, దాని వల్ల వైద్యంలో తేడా ఏమీ రాలేదు. రసీదు అడిగితేనే ఇస్తారు. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున కోట చుట్టుపక్కల రోడ్లన్నీ జనంతో నిండిపోతాయని ఊరందరికీ తెలుసు, అయినా ఆ రోజుకే మాకు సమయం ఇచ్చి, కేంద్రం మూసివేసిన సంగతి ఫోను చేసి చెప్పలేదు. అమ్మవారి దర్శనం అయింది కాబట్టి ఆ ప్రయాణం పూర్తిగా వృథా అనలేను.

ఇప్పుడు అన్నయ్య మైకుతో రోజుకు నాలుగు పీరియడ్లు చెప్పగలుగుతున్నాడు. పదమూడో ఎక్కం పాత రికార్డుకూ కొత్త రికార్డుకూ ఉన్న తేడా వినేవారెవరికైనా తెలుస్తుంది. అయితే గొంతు పూర్తిగా మునుపటిలా లేదు. సాయంత్రానికి బరువెక్కుతుంది, పై స్థాయికి వెళ్ళబోతే చీలుతుంది, పెళ్ళిళ్ళలో చదివే పద్యాలు ఈ ఏడాది చదవలేదు. కంచం ఖాళీ అవుతోంది, చారన్నం మాత్రం ఇంకా జాగ్రత్తగానే తింటున్నాడు. థెరపిస్టు గారు మొదటి రోజు చెప్పినది కూడా ఇంతే, కాబట్టి మాకు నిరాశ కలగలేదు.

ఫంగస్ పోయిందని డాక్టరు నిర్ధారించి, బొంగురు, గొంతులో అడ్డం ఉన్న భావన, మింగాలంటే బెరుకు మిగిలినవారికి, ముఖ్యంగా గొంతు వాడకం ఎక్కువ ఉన్న ఉద్యోగులకు, ఈ రకమైన కేంద్రాన్ని నేను సిఫారసు చేస్తాను. నీళ్ళు తాగిన ప్రతిసారీ పొలమారేవారు, తిన్న వెంటనే గొంతు నీళ్ళలో మాట్లాడినట్టు గరగరమనేవారు, బరువు తగ్గుతున్నవారు, తరచుగా జ్వరం, న్యుమోనియా వస్తున్నవారు, ముద్ద ఛాతీ దగ్గర ఆగిపోతున్నట్టు ఉన్నవారు ముందుగా పెద్ద ఆసుపత్రికే వెళ్ళాలి. ఛాతీ దగ్గర ఆగేవారికి అన్నవాహిక ఎండోస్కోపీ అవసరం కావచ్చు. ఎక్కడికి వెళ్ళినా థెరపిస్టు స్పీచ్, హియరింగ్ డిగ్రీ చదివి, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉన్నారో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. ఈ కేంద్రంలో ఆ ధ్రువపత్రం గోడ మీదే ఉంది. సాలూరు, పార్వతీపురం, రాజాం వైపు నుంచి వచ్చేవారు ఉదయం తొలి సమయాన్నే అడగండి, మధ్యాహ్నం దాటితే ఎదురుచూపు గంటకు తగ్గదు. వెళ్ళేటప్పుడు స్కోపు రిపోర్టు, వాడుతున్న మందులన్నిటి చీటీలు, ఇన్‌హేలర్ వెంట తీసుకువెళ్ళండి. ఇంట్లో వంట చేసేవారిని కూడా వెంట పెట్టుకుని వెళితే ఆహార పట్టిక మొదటి రోజే తెలుగులో రాయించుకోవచ్చు.